నిద్రకు సాక్షి ఎవరు?

నాలుగేళ్ళ క్రితం రచయిత్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు పదిమందిమి ఒకే హాల్లో పడుకున్నాం. పగలంతా చర్చలు, రాత్రి పదకొండు దాకా పాటలు, కబుర్లు. తెల్లవారి కాఫీ తాగుతుంటే పక్కమంచం మిత్రురాలు నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏమీ అనుకోకు. రాత్రంతా నాకు నిద్ర లేదు. నీ గురకవల్ల కాదు. గురక ఆగినప్పుడల్లా భయమేసింది. నీ ఊపిరి కూడా ఆగిపోతోంది. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. లేపుదామని చెయ్యి చాపేలోగా పెద్దగా ఎగపీల్చి మళ్ళీ మొదలుపెట్టావు. అట్లా ఎన్నిసార్లో!" అంది.

నాకు ముందు సిగ్గేసింది. గురక పెడతానన్న సంగతి పదిమందికీ తెలిసిపోయిందే అని. ఊపిరి ఆగిపోతోందన్న మాట ఆ తర్వాతే బుర్రకెక్కింది. ఆడపిల్ల పడుకునే తీరు ఎలా ఉండాలో కూడా నేర్పిన ఇళ్ళలో పెరిగిన వాళ్ళం కదా. ఒద్దికగా, ఒక పక్కకి తిరిగి, చప్పుడు లేకుండా పడుకోవాలి. గురక మగవాళ్ళ సొత్తు.

అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. చివరి ఏడెనిమిదేళ్ళు ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలుసు. పొద్దున్న లేస్తూనే తలనొప్పి. ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్ళంతా బండ వేసి కట్టినట్టుండేది. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే చేతిలో ఎర్రపెన్ను జారిపోయేది. ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఇంకొకరు థైరాయిడ్ అన్నారు. ఒకావిడ, "ఈ వయసులో మనకి మామూలేనమ్మా" అంది. మరొకాయన నిద్రమాత్రా, దిగులు తగ్గే మాత్రా కలిపి రాశాడు. నిద్రలో నా ఊపిరి ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. అడిగినా నేనేం చెప్పగలను? నిద్రపోతున్న మనిషి తన నిద్రకు తాను సాక్షి కాలేదు. మావారు నా గురక భరించలేక పదేళ్ళ కిందటే పక్కగదిలోకి మారిపోయారు. చుట్టాలొస్తే అదొక హాస్యకథగా చెప్పేవారు. నేనూ నవ్వేదాన్ని.

మిత్రురాలి మాట పట్టుకుని నిద్ర పరీక్షకి వెళ్ళాను. తలకీ, ఛాతీకీ, కాళ్ళకీ తీగలు అంటించి ఒక రాత్రంతా పడుకోబెట్టారు. తెల్లవారుజామున తీగలు విప్పుతూ ఆ టెక్నీషియన్ అమ్మాయి, "ఎలా తట్టుకున్నారండీ ఇన్నాళ్ళు?" అంది. గంటకు సగటున 38 సార్లు నా ఊపిరి ఆగుతోంది, లేదా బాగా తగ్గిపోతోంది. గంటకు 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు.

ఆ తర్వాత మెషీన్ కొనడానికి వెళ్ళాం. మావారు, మా అబ్బాయి, అమ్మే అతను ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు. "సీపాప్ అయితే తక్కువలో అయిపోతుంది సార్. బైలెవెల్ తీసుకుంటే మేడమ్‌కి సుఖంగా ఉంటుంది" అంటున్నాడతను. మా అబ్బాయి ఫోన్లో ధరలు చూస్తున్నాడు. "అంత ఖరీదుది అవసరమా?" అంటున్నారు మావారు. మాస్కు చేత్తో పట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. ఊపిరి నాది. ముఖం నాది. కట్టే డబ్బు కూడా నా రిటైర్మెంట్ డబ్బే. అయినా ఆ సంభాషణలో నాకు చోటు లేదు. "రెండు రోజులాగి చెప్తాను" అని లేచి వచ్చేశాను. చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసిన దారి ఒకటే. ఈ వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అని వెతకడం. రెండు రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి. ఆ వెతుకులాటలో దొరికినదే ఈ వ్యాసం.

మన వాడుకలో రెండు పెద్ద నిద్రలున్నాయి. ఒకటి కుంభకర్ణుడిది, రెండోది ఊర్మిళాదేవిది. కుంభకర్ణుడి నిద్ర చుట్టూ ఎంత హడావుడో! ఆ గురక ఎలా ఉండేదో, లేపడానికి ఎంత సైన్యం కావాల్సి వచ్చిందో వర్ణించని వాళ్ళు లేరు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. ఆ నిద్రని పాటగా కట్టుకుని నిలబెట్టింది మన ఆడవాళ్ళే. అంతఃపురంలో తలుపులు మూసుకుని పడుకున్న ఆ మనిషి ఊపిరి ఎలా ఉందో చూసిన వాళ్ళెవరూ లేరు. వైద్యశాస్త్రంలోనూ ఈ రెండు నిద్రల కథే నడిచింది.

ఈ జబ్బుకి మొదటి బొమ్మ వైద్యంలోంచి కాక సాహిత్యంలోంచి వచ్చింది. 1836-37లో చార్లెస్ డికెన్స్ రాసిన 'పిక్విక్ పేపర్స్'లో జో అని ఒక లావుపాటి కుర్రవాడున్నాడు. నిలబడి నిద్రపోతాడు, పని మధ్యలో గురక పెడతాడు. 1956లో అమెరికాలో బర్వెల్, ఆయన సహచరులు ఒక రోగి కథ ప్రచురిస్తూ ఆ నవల పేరే జబ్బుకి పెట్టారు, 'పిక్వికియన్ సిండ్రోమ్' అని. ఆ రోగి 51 ఏళ్ళ వ్యాపార అధికారి. వారం వారం స్నేహితులతో పేకాట ఆడే అలవాటుంది. ఒకరోజు మూడు ఆసులు, రెండు రాజులు చేతిలో పడ్డాయి. అంత మంచి ముక్కలు పడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఆయన మాత్రం ముక్కలు చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయాడు. ఇక లాభం లేదని ఆసుపత్రిలో చేరాడు. అధిక బరువు వల్ల ఊపిరి చాలినంత లోతుగా సాగక, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని వైద్యులు కనుక్కున్నారు.

ఆ కథ చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ రోలు మీదకి ఒరిగిపోయేది. పూజలో కూర్చుంటే కునికిపాట్లు. పిల్లలందరం చేరి నవ్వేవాళ్ళం. పేకాటలో నిద్రపోయిన మగవాడు రోగి అయ్యాడు. రోటి దగ్గర నిద్రపోయిన ఆడది బద్ధకస్తురాలయింది. ఇద్దరి కునుకూ ఒకటే కావచ్చు, కానీ చూసే కళ్ళు ఒకటి కాదు. అమ్మ అరవై ఒకటో ఏట నిద్రలోనే పోయింది. "అదృష్టవంతురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా సుఖంగా పోయింది" అన్నారందరూ. ఆ రాత్రి ఆమె ఊపిరిని చూసిన వాళ్ళు లేరు కాబట్టి నేను ఏ జబ్బు పేరూ పెట్టలేను. కానీ 'సుఖంగా' అన్న మాట మాత్రం ఇప్పుడు ఒప్పుకోలేను.

నిద్రలో ఊపిరి ఆగడాన్ని యంత్రాల మీద స్పష్టంగా నమోదు చేసింది 1965లో. ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఆ పని చేశారు. మెలకువలో గట్టిగా ఉండే గొంతు కండరాలు నిద్రలో వదులై దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆ లేవడం మనకి గుర్తుండదు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గియోమినో, తిల్కియన్, డిమెంట్‌లు రాసిన వ్యాసంతో 'స్లీప్ ఆప్నియా' అన్న పేరు స్థిరపడింది. అప్పటికి ఉన్న గట్టి వైద్యం గొంతుకి రంధ్రం పెట్టడమే.

యంత్రం కథ మరో దారిలో నడిచింది. ఆ దారిలో మాత్రం ఆడపిల్లలు మొదట్లోనే కనిపిస్తారు. 1928లో బోస్టన్‌లో డ్రింకర్, షా తయారుచేసిన ఇనుప ఊపిరితిత్తిని, అంటే మనిషిని మెడదాకా లోపల పెట్టి చుట్టూ గాలి ఒత్తిడి మార్చే పెద్ద గొట్టాన్ని, మొదట వాడింది పోలియో వచ్చిన ఎనిమిదేళ్ళ పాప మీద. ఆమె తేరుకుంది గానీ కొద్దిరోజులకే న్యుమోనియాతో పోయింది. 1952 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, ఊపిరాడక చనిపోబోతున్న పన్నెండేళ్ళ వివీ ఎబర్ట్‌కి బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం పెట్టి చేతి సంచీతో గాలి కొట్టించాడు. ఆ పిల్ల బతికింది. తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా కూర్చుని నెలల తరబడి రోగులకి చేత్తో ఊపిరి పోశారు. గాలిని బయటినుంచి లోపలికి నెట్టి మనిషిని బతికించవచ్చని ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే. మెషీన్ చప్పుడు వింటున్నప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. ఈ మెషీన్ కన్నా ముందు ఈ పని చేసింది మనుషుల చేతులు.

1980లో సిడ్నీలో కోలిన్ సలివన్ ఈ రెండు కథల్నీ కలిపాడు. గొంతు మూసుకుపోకుండా ముక్కు ద్వారా ఎడతెగని గాలి ఒత్తిడి పెడితే చాలునన్నాడు. 1981లో లాన్సెట్ పత్రికలో ఐదుగురు రోగుల ఫలితాలు వచ్చాయి. అదే సీపాప్. ఆ తొలి యంత్రంలో గాలి కొట్టింది వాక్యూమ్ క్లీనర్ మోటారు. ఇల్లు ఊడ్చే సరంజామా వైద్యశాస్త్రంలోకి రావడం, అదీ మనిషి ఊపిరి నిలబెట్టడానికి రావడం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మాస్కుని ముక్కుకి ఏ రాత్రికారాత్రి అంటించుకోవాల్సి వచ్చేది.

సీపాప్‌ది ఒకే ఒత్తిడి. పీల్చినప్పుడూ అంతే, వదిలినప్పుడూ అంతే. తక్కువ ఒత్తిడితో సరిపోయేవాళ్ళకి అది చాలు. ఎక్కువ ఒత్తిడి కావాల్సిన వాళ్ళకి ఊపిరి వదలడం ఎదురుగాలిలో సైకిలు తొక్కడంలా ఉంటుంది. 1990లో పిట్స్‌బర్గ్‌లో మార్క్ శాండర్స్, నాన్సీ కెర్న్ ఈ రెండు ఒత్తిళ్ళనీ విడదీశారు. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. అదే బైలెవెల్. దాదాపు అదే సమయంలో రెస్పిరానిక్స్ కంపెనీ తన యంత్రానికి పెట్టుకున్న పేరు బైపాప్. వనస్పతి అంతా మన ఇళ్ళలో డాల్డా అయినట్టు, బైలెవెల్ యంత్రాలన్నీ జనం నోట బైపాప్ అయ్యాయి. 2021లో కరోనా రెండో అల నాటికి ఆ మాట మన వీధుల్లోకీ వచ్చేసింది.

అయితే బైలెవెల్ అంటే మెత్తటి సీపాప్ మాత్రమే కాదు. దానికి ఇంకో పుట్టుక ఉంది. 1987లో సిడ్నీలోనే ఎలిజబెత్ ఎల్లిస్ అనే ఫిజియోథెరపిస్టు, సలివన్ తదితరులతో కలిసి, కండరాల జబ్బులతో ఊపిరి తీసుకునే బలం చాలని వాళ్ళకి రాత్రిపూట ముక్కు మాస్కుతో ఊపిరి అందించిన ఫలితాలు ప్రచురించింది. గొంతుకి రంధ్రం పెట్టకుండానే అది సాధ్యమైంది. అంటే ఒక పాయ గొంతు దారి తెరిచి ఉంచడానికి, ఇంకో పాయ బలం చాలని ఊపిరికి భుజం పట్టడానికి. బైలెవెల్‌లో ఈ రెండు పాయలూ కలిశాయి. వదిలేటప్పటి ఒత్తిడి గొంతుని తెరిచి ఉంచుతుంది. రెండు ఒత్తిళ్ళ మధ్య తేడా ఊపిరిని లోతు చేస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని కడిగేస్తుంది. ఈ సంగతి తెలిశాక 'సుఖంగా ఉంటుంది మేడమ్' అన్న మాట ఎంత అరకొరదో అర్థమైంది. నాకు ఏ పాయ కావాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న ఆ కొట్లో ఎవరూ వెయ్యలేదు.

ఇంతకీ ఈ చరిత్రలో ఆడవాళ్ళ నిద్ర ఎక్కడ? చాలాకాలం నిద్ర క్లినిక్కుల్లో ఎనిమిది, పదిమంది మగ రోగులకి ఒక్క స్త్రీ కనిపించేది. కాబట్టి ఇది మగవాళ్ళ జబ్బు అన్నారు. 1993లో విస్కాన్సిన్‌లో టెరీ యంగ్ అనే పరిశోధకురాలు క్లినిక్కుకి వచ్చినవాళ్ళని కాకుండా, 30 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న 602 మంది ప్రభుత్వోద్యోగుల్ని పడుకోబెట్టి లెక్కపెట్టింది. గంటకు ఐదుసార్లో అంతకు మించో ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగేవాళ్ళు మగవాళ్ళలో 24 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం ఉన్నారు. దానితోపాటు పగటి మత్తు కూడా ఉన్నవాళ్ళు మగవాళ్ళలో 4 శాతం, ఆడవాళ్ళలో 2 శాతం. అంటే జనంలో ఉన్న తేడా రెండింతలో మూడింతలో. క్లినిక్కు గుమ్మం దగ్గరకొచ్చేసరికి అది ఎనిమిదింతలు, పదింతలైంది. మధ్యలో ఆ స్త్రీలంతా ఏమయ్యారు?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మా తరం నేర్చుకున్న ప్రశ్న ఇదే. పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు పుస్తకాల్లోకి వచ్చేసరికి ఎక్కడికి పోయారు?

1996లో యంగ్ బృందం ఆ ప్రశ్ననే నేరుగా వేసింది. ఆడవాళ్ళ లక్షణాలు వేరుగా ఉన్నందువల్ల తప్పిపోతున్నారా అని. వాళ్ళ అధ్యయనంలో తేలింది మరోలా ఉంది. ఆప్నియా ఉన్న స్త్రీలు కూడా గురక, పగటి నిద్రమత్తు అనే అవే లక్షణాలు చెప్పారు. చెప్పకపోవడం కన్నా, చెప్పినా పట్టించుకోకపోవడం, అనుమానించకపోవడమే కారణం కావచ్చన్నారు. క్లినిక్కులకి వచ్చిన స్త్రీల మీద జరిగిన ఇతర పరిశోధనల్లో అలసట, నిద్ర పట్టకపోవడం, పొద్దుటి తలనొప్పి, దిగులు ఎక్కువగా కనిపించాయి. నా కథలో రెండూ ఉన్నాయి. 1997లో అదే బృందం వేసిన అంచనా ప్రకారం, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఆప్నియా ఉన్న మగవాళ్ళలో 82 శాతం మందికి, ఆడవాళ్ళలో 93 శాతం మందికి ఆ జబ్బు ఉన్నట్టు ఏ డాక్టరూ చెప్పలేదు.

2001లో బిక్స్‌లర్ బృందం పెన్సిల్వేనియాలో చేసిన అధ్యయనం ఇంకో తలుపు తీసింది. ఆప్నియా మగవాళ్ళలో 3.9 శాతం. ముట్లు ఆగని స్త్రీలలో 0.6 శాతం. ముట్లు ఆగి హార్మోన్లు వాడని వాళ్ళలో 2.7 శాతం. "ఈ వయసులో మామూలే" అన్న ఆ డాక్టరమ్మ మాటలో సగం నిజం ఉందన్నమాట. ఈ వయసులో వస్తుంది నిజమే. వస్తుంది కాబట్టే చూడాలి. వస్తుంది కాబట్టి వదిలెయ్యమన్నది మన సమాజం.

కొలబద్దల సంగతీ చూడండి. పగటి నిద్రమత్తు కొలవడానికి 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ తయారుచేసిన ఎప్‌వర్త్ ప్రశ్నావళిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. చదువుకుంటూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, గంటసేపు కారులో ప్రయాణిస్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, భోజనమయ్యాక ఊరికే కూర్చున్నప్పుడు కునుకు వస్తుందా? ఇలాంటి ఎనిమిది ప్రశ్నలు. నాకా కాగితం ఇచ్చినప్పుడు చాలావాటికి సున్నా వేశాను. భోజనమయ్యాక నేనెప్పుడు ఊరికే కూర్చున్నాను? అంట్లు సర్దుతూ నిద్రపోలేం. నిలబడి చేసే చాకిరీ మధ్య వచ్చే కునుకుకి ఆ కాగితంలో గడి లేదు. నాకు మార్కులు తక్కువొచ్చింది మత్తు లేక కాదు, తీరిక లేక.

2008లో టొరంటోలో ఫ్రాన్సిస్ చంగ్ అనే మత్తువైద్య నిపుణురాలు ఆపరేషన్లకి ముందు ఆప్నియా పసిగట్టడానికి స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల జాబితా తెచ్చింది. చాలా ప్రాణాలు కాపాడగల పని అది. కానీ అందులో మగవాడైతే ఒక మార్కు ఊరికే వస్తుంది. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే ఇంకో మార్కు. ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నది మరో ప్రశ్న. మగవాడి ఊపిరి ఆగితే చూసే భార్య పక్కనే మేలుకుని ఉంటుంది. చూసి, భయపడి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, లక్షణాలు కూడా తనే చెబుతుంది. ఈ జబ్బు చరిత్రలో భార్యల కళ్ళు, చెవులు జీతం లేని యంత్రాల్లా పనిచేశాయి. ఆమె ఊపిరి ఆగినప్పుడు చూడ్డానికి ఎవరున్నారు? ఒంటరిగా బతికే స్త్రీల మాటేమిటి? మన దేశంలో చూస్తే, 2004లో ముంబైలో ఉద్వాడియా బృందం చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో 250 మందీ మగవాళ్ళే. వాళ్ళలో 19.5 శాతం మందికి నిద్రలో శ్వాస లోపాలున్నాయని, 7.5 శాతం మందికి పగటి మత్తుతో కూడిన ఆప్నియా ఉందని తేలింది. ఢిల్లీలో తర్వాత జరిగిన అధ్యయనాల్లో స్త్రీలూ చేరారు.

ఇవన్నీ చదివి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఒంటరిగా, కాగితం మీద ప్రశ్నలు రాసుకుని. మొదటి ప్రశ్న, "నా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత?" ఎవరూ చూడలేదు. మణికట్టు ధమనిలోంచి రక్తం తీశారు. మెలకువలో 45 దాటకూడదు, నాకు 51 ఉంది. పేకాట మధ్యలో నిద్రపోయిన ఆ పెద్దమనిషి జాతి నాదీ! రెండో ప్రశ్న, "నా గుండె ఎలా ఉంది?" ఇది ఊరికే అడగలేదు. బైలెవెల్ కన్నా తెలివైనదని చెప్పే ఏఎస్‌వీ అనే యంత్రాన్ని గుండె బలహీనపడి, మెదడు సంకేతం లోపించి ఊపిరి ఆగే రోగులకి పెట్టి చూస్తే, మరణాలు తగ్గకపోగా పెరిగాయని 2015లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఖరీదైన యంత్రమంటే మంచి యంత్రం కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పే పాఠం లేదు.

మూడో ప్రశ్న, "సీపాప్‌తో సరిపోదా?" ఇది నా డబ్బు గురించే కాదు, నిజం గురించి. మామూలు ఆప్నియాకి మొదట సీపాపే వాడమని 2019లో అమెరికా నిద్రవైద్య సంస్థ మార్గదర్శకాలు సూచించాయి. నాలాగా కార్బన్ డయాక్సైడ్ పెరిగిన వాళ్ళలో కూడా చాలామందికి సీపాప్ సరిపోతుందని 2008లో సిడ్నీలో అమాండా పైపర్ నడిపిన అధ్యయనం చూపింది. 36 మందిని రెండు గుంపులు చేసి మూడు నెలలు చూస్తే ఫలితాలు దాదాపు సమానం. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన 'పిక్విక్' అధ్యయనం ఏళ్ళ తరబడి చూసి అదే మాట చెప్పింది. అందుకని ముందు ఆరువారాలు సీపాప్ అద్దెకి తీసుకుని వాడాను. నాకు 15 ఒత్తిడి అవసరమైంది. ఊపిరి వదలలేక అర్ధరాత్రి మాస్కు పీకేసేదాన్ని. పొట్టలోకి గాలి చేరి ఉబ్బిపోయేది. మళ్ళీ రక్తం చూస్తే 50. అప్పుడు ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి బైలెవెల్ ఒత్తిళ్ళు సరిచూశారు. పీల్చడానికి 18, వదలడానికి 10. నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోతే గుర్తుచేసే ఎస్‌టీ అనే పద్ధతి కూడా ఉన్నది తీసుకున్నాను. మూడు నెలల తర్వాత చూస్తే 44.

ఇక్కడొక మాట. నాకు బైలెవెల్ పనిచేసింది కాబట్టి అందరూ అదే కొనండని నేననడం లేదు. నా మిత్రురాలొకామెకి సీపాప్ చక్కగా సరిపోయింది. ఆమె రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే ఉంది. నేననేది, ఎంపిక మన ఒంటి కొలతల మీద జరగాలి, బేరం మీద కాదు.

మిగిలినవి ఏ అధ్యయనంలోనూ లేని ప్రశ్నలు. ముక్కుపుడక ఉంటే మాస్కు అంచు ఆనదు, గాలి కారిపోతుంది. రాత్రి తీసి పెట్టేస్తుంటే మా ఆడపడుచు, "అదేమిటి వదినా, పుణ్యస్త్రీవి" అంది. ఊపిరుంటే కదమ్మా పుణ్యం అన్నాను. తలవెనక ముడి ఉంటే పట్టీ జారుతుంది, జడ పక్కకి వేసుకోవాలి. నాలుగు సైజులు ముఖానికి పెట్టి చూడనిదే మాస్కు కొనకూడదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఎంతసేపు నడుస్తుందో అడగాలి. ఆడవాళ్ళ ఊపిరి తీరుకి సరిపడే పద్ధతితో 'ఫర్ హర్' అన్న మెషీన్ని రెస్‌మెడ్ కంపెనీ 2014లో తెచ్చింది. అది సీపాప్ జాతిది. మంచిదే. కానీ 1981 నుంచి లెక్కపెడితే మనం గుర్తుకు రావడానికి 33 ఏళ్ళు పట్టింది. కంపెనీల్ని నమ్మి కళ్ళు మూసుకోవడానికీ లేదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీపాప్, బైపాప్ యంత్రాల్ని లక్షల్లో వెనక్కి పిలిచింది. మోటారు చప్పుడు వినబడకుండా లోపల పెట్టిన ఫోమ్ చివికి, ఆ పొడి ఊపిరితో లోపలికి పోవచ్చని. పాత మెషీన్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఏ సంవత్సరానిదో, ఏ మోడలో తప్పక చూసుకోవాలి.

మెషీన్ పెట్టుకున్న మొదటివారం ఒకరోజు పొద్దున్న లేచేసరికి తలనొప్పి లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు మంచం మీద కూర్చుండిపోయాను. ఏడెనిమిదేళ్ళుగా రోజూ వెంట ఉన్న మనిషి హఠాత్తుగా వెళ్ళిపోతే ఇల్లెలా ఉంటుందో తల అలా ఉంది. ఆ తర్వాత ఏడ్చాను. నాకోసం కాదు. రోలు మీద ఒరిగిపోయిన అమ్మ కోసం.

కిందటేడాది సమావేశానికి మెషీన్ తీసుకెళ్ళాను. మళ్ళీ అదే హాలు, అవే వరసమంచాలు. మాస్కు తగిలించుకుంటుంటే అందరూ చుట్టూ చేరారు. ఒకావిడ, "మా అక్క కూడా నిద్రలో ఇలాగే ఎగపీలుస్తుంది, మేం పీడకల అనుకుంటున్నాం" అంది. ఇంకొకామె, "నన్ను రాత్రి చూసిపెట్టవే, నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు" అని పక్కమంచం ఆమెని అడిగింది. ఆ రాత్రి పాటలు అయ్యాక ఆ హాల్లో ఇద్దరు ముగ్గురు కాసేపు మేలుకుని, పడుకున్న వాళ్ళ ఊపిరి లెక్కపెట్టారు. నా మిత్రురాలు మాత్రం మేలుకోలేదు. నా మెషీన్ చప్పుడు విని, ఇక పర్లేదని అటు తిరిగి పడుకుంది. పొద్దున్న అడిగితే, "ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను" అంది.

నేను కూడా.